35 అడుగుల ట్రైలర్ కొనేముందు స్లైడ్లు మూయించి లోపలికి వెళ్ళండి

తర్వాత చదివేవాళ్ళ కోసం మీ ప్రశ్న ఒకసారి చెప్తాను. డాలస్ దగ్గర ఉంటారు. తొమ్మిదేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు. వేసవిలో అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి నాలుగైదు నెలలు ఉంటారు. వాళ్ళతో కలిసి తిరగడానికి 35 అడుగుల బంక్‌హౌస్ ట్రావెల్ ట్రైలర్ ఒకటి చూశారు, అంటే పికప్ వెనక తగిలించి లాగే, పిల్లలకు ఒకదానిమీద ఒకటి మంచాలుండే చక్రాల ఇల్లు. మూడు స్లైడ్లు (బండి ఆపాక బయటికి జరిగి గదిని పెద్దది చేసే గోడ భాగాలు), మధ్యలో ఐలాండ్ కిచెన్ (నాలుగు వైపులా తిరగగలిగే వంట గట్టు), వెనక పిల్లల గది, బయటివైపు ఇంకో చిన్న కిచెన్. మీ ఆరు సీట్ల హాఫ్‌టన్ పికప్ (పెద్ద పికప్పుల్లో తేలిక తరగతిది) దాన్ని హాయిగా లాగేస్తుందని డీలర్ దగ్గర చెప్పారు. లేఅవుట్‌లో ఏం చూడాలి అని అడిగారు.

నేను టెక్సస్‌లో పదకొండేళ్ళుగా ట్రైలర్ లాగుతున్నాను. ఇప్పుడున్నది రెండోది, 34 అడుగులు. మొదటిది సోఫా చూసి కొన్నాను. డీలర్ లాట్‌లో, అంటే అమ్మకానికి నిలబెట్టే చోట, ఎప్పుడూ స్లైడ్లు మూడూ బయటికి తీసి, ఏసీ వేసి, లైట్లన్నీ వెలిగించి పెడతారు. అడుగు పెట్టగానే డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్‌లోకి వెళ్ళినట్టు ఉంటుంది. మా ఆవిడ, నేను ఒకరి మొహం ఒకరు చూసుకుని అక్కడికక్కడే సంతకం పెట్టేశాం.

మొదటి ప్రయాణం పశ్చిమ టెక్సస్‌లోని బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి. ఎబిలీన్ దాటాక ఒక రెస్ట్ ఏరియాలో ఆపాం. ఫ్రిజ్‌లో పెరుగన్నం ఉంది, పిల్లలు ఆకలంటున్నారు. తలుపు తీసి చూస్తే కిచెన్ స్లైడ్ లోపలికి వచ్చి ఐలాండ్‌కి ఆనుకుని కూర్చుంది. ఫ్రిజ్ తలుపు నాలుగు వేళ్ళ మందం తెరుచుకుని ఆగిపోయింది. డబ్బా కనిపిస్తోంది, చెయ్యి మాత్రం దూరదు. పక్కన లారీ ఆగి ఉంది కాబట్టి స్లైడ్ తీసే వీలు లేదు. పెరుగన్నాన్ని చూస్తూ చిప్స్ తిన్నాం.

అందుకే నా మొదటి సలహా: మళ్ళీ వెళ్ళి స్లైడ్లన్నీ మూయించండి. మూశాక మీరే లోపలికి దూరి చూడండి. టాయిలెట్ దాకా వెళ్ళగలరా, తలుపు మూసుకోగలరా? ఫ్రిజ్ తెరుచుకుంటుందా? అమ్మగారు ఒక అరగంట నడుం వాల్చాలంటే మంచం మీదికి చేరే దారి ఉందా? ఈ ట్రైలర్‌తో మీరు గడిపే పగళ్ళలో సగం ఇలా మూసిన ఇంట్లోనే గడుస్తాయి. రెస్ట్ ఏరియా, పెట్రోల్ బంకు, వాల్‌మార్ట్ పార్కింగ్ ఎక్కడైనా ఇదే పరిస్థితి. బ్యాటరీ డౌన్ అయింది, ఇప్పుడు మూయలేం అని వాళ్ళు అంటే ఇంకోరోజు వస్తానని చెప్పండి. స్లైడ్లు నడిచేది 12 వోల్టుల బ్యాటరీ మీదే. మోటారు మొరాయిస్తే చేత్తో లోపలికి తెచ్చే పద్ధతి ఏమిటో కూడా అప్పుడే చేసి చూపించమనండి. రాత్రిపూట వానలో మాన్యువల్ తెరిచి నేర్చుకునే విషయం కాదది.

ఇక బండి సంగతి. మీరు అడగలేదు కానీ లేఅవుట్ కంటే ముందు తేలాల్సింది ఇదే. ఎంత బరువు లాగగలదు అన్నది పక్కన పెట్టండి. డ్రైవర్ తలుపు తీస్తే పక్కనున్న స్తంభం మీద పసుపు పచ్చ స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని దాని మీద రాసి ఉంటుంది. ఆ అంకే మీ పేలోడ్. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రైలర్‌ని తగిలించే కొక్కెం) మీద, అంటే మీ బండి మీద పడుతుంది. దాన్నే టంగ్ వెయిట్ అంటారు.

లెక్క వేద్దాం. మీరు చెప్పిన సైజు ట్రైలర్ సామానుతో కలిపి 9,500 పౌండ్లు తూగిందనుకోండి. 13 శాతం చొప్పున 1,235 పౌండ్లు. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్, అంటే ఆ బరువును చక్రాలన్నిటికీ పంచే రకం కొక్కెం, ఒక 100. మీ ఆరుగురూ కలిసి 730 వేసుకుందాం. మొత్తం 2,065. ఇంకా బండిలో ఒక్క సంచీ కూడా పెట్టలేదు. మీ స్టిక్కర్ మీద 1,600 ఉంటే ఇది కుదరదు, అంతే. లాగడం లాగుతుంది, సేల్స్ అతను అబద్ధం చెప్పలేదు. కానీ వెనక స్ప్రింగులు కూర్చుని, ముందు చక్రాలు తేలిపోయి, పక్కనుంచి లారీ దూసుకెళ్ళినప్పుడల్లా మీకు చెమటలు పడతాయి. ఆరుగురితో 35 అడుగులంటే త్రీక్వార్టర్ టన్ బండి, అంటే ఒక తరగతి పెద్ద పికప్, కావాలి, లేదా ట్రైలర్ 27, 28 అడుగులకు తగ్గాలి. అమ్మానాన్నల్ని వెనక ట్రైలర్‌లో పడుకోబెట్టి తీసుకెళ్ళొచ్చా అని ప్రతి వేసవీ ఎవరో ఒకరు అడుగుతారు. నడుస్తున్న ట్రైలర్‌లో మనుషులు ఉండటం టెక్సస్‌లో నేరం. నేరం కాని చోట కూడా ఆ పని చెయ్యకండి.

బ్రోషర్‌లో పెద్దక్షరాలతో వేసే డ్రై వెయిట్ ఖాళీ ట్రైలర్ బరువు. దాన్ని మర్చిపోయి, లోపల అంటించిన స్టిక్కర్‌లో సామానుకు ఎన్ని పౌండ్లు మిగిల్చారో చూడండి. ఒక్కో స్లైడ్ కొన్ని వందల పౌండ్లు తినేస్తుంది, అందుకే మూడు స్లైడ్ల ట్రైలర్లలో ఒక్కోసారి చూడ్డానికి అల్మారాలు బోలెడు ఉంటాయి, నింపడానికి అనుమతి ఉండదు. నీళ్ళు గ్యాలన్ 8.34 పౌండ్లు. 50 గ్యాలన్ల ట్యాంకు నింపుకుని బయల్దేరితే అక్కడే 417 పోయాయి.

బ్రాండ్ గురించి పెద్దగా కొట్టుకోకండి. అమెరికాలో ట్రైలర్లు ఎక్కువ భాగం ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కలే తయారవుతాయి. జేకో, కీస్టోన్, ఎయిర్‌స్ట్రీమ్ మూడూ థోర్ ఇండస్ట్రీస్‌వే. ఫారెస్ట్ రివర్ బెర్క్‌షైర్ హాథవేది. గ్రాండ్ డిజైన్ 2016 నుంచి విన్నెబాగో వాళ్ళది. కింద ఉండే ఉక్కు చట్రం, మెట్లు, స్లైడ్ మోటార్లు చాలా బ్రాండ్లకు లిప్పర్ట్ కంపెనీయే ఇస్తుంది. కాబట్టి స్టిక్కర్ మారినా అడుగున చాలావరకు ఒకే సరుకు. మీకు రోజూ తేడా తెలిసేది గదుల అమరికలోనే.

సరే, ముందు నుంచి వెనక్కి నడుద్దాం. హిచ్ దగ్గర రెండు ప్రొపేన్ సిలిండర్లు. ఒక్కోటి 30 పౌండ్లంటే 13.6 కిలోలు, మన ఇంట్లో 14.2 కిలోల గ్యాస్ బండకు కాస్త తక్కువ. దాని వెనక ఈ పక్కనుంచి ఆ పక్కకు తెరుచుకునే సామాను అర. అందులో పెట్టిన ప్రతి బరువూ టంగ్ మీదే పడుతుంది, బియ్యం బస్తా అక్కడ వెయ్యకండి. అలాగని అన్నీ వెనక బంక్ గదిలో పడేసి, బంపర్‌కి సైకిళ్ళు తగిలిస్తే టంగ్ తేలికై ట్రైలర్ తోకలా ఊగుతుంది. బరువులు ఇరుసుల దగ్గర, నేలకు దగ్గరగా ఉండాలి.

ఆ పైన ముందు బెడ్రూమ్. క్వీన్ బెడ్ అంటారు గానీ చాలావాటిలో పొడవు 74, 75 అంగుళాలే, ఇంట్లో క్వీన్ 80 ఉంటుంది. మీ నాన్నగారు పొడగరి అయితే ఒకసారి పడుకోబెట్టి చూడండి, లాట్‌లో సిగ్గుపడక్కర్లేదు. మంచానికి రెండు వైపులా దిగే దారి ఉందా చూడండి. ఒకవైపే ఉంటే గోడవైపు పడుకున్నవాళ్ళు రాత్రి లేవాలంటే రెండోవాళ్ళను తొక్కుకుంటూ రావాలి. ఆ గది పెద్దవాళ్ళకే ఇవ్వండి. మీరిద్దరూ సోఫా మీద. ఎందుకో అనుభవం మీద చెప్తున్నాను. మొదటి ట్రిప్పులో అమ్మానాన్నల్ని హాల్లో సోఫా మంచం మీద పడుకోబెట్టాం. మా అమ్మ నాలుగున్నరకే లేస్తుంది. ఆవిడ డికాక్షన్ కోసం లేస్తే సోఫా మడవాలి, అంటే నాన్న లేవాలి. ఆయన లేస్తే పిల్లలు లేస్తారు. అయిదింటికల్లా ఇల్లంతా మేలుకుని అందరూ ఒకరినొకరు కసురుకుంటున్నాం. పడుకునే చోటుకి తలుపు ఉండాలి. పరదా చాలదు.

డైనింగ్ టేబుల్ దించి మంచం చేసుకోవచ్చని కూడా ఊరిస్తారు. ఒక రాత్రికి ఓకే. వారం రోజులు పొద్దున్నే మంచం విప్పి టేబుల్ నిలబెట్టడం నాకైతే విసుగొచ్చింది. పడకల లెక్క వేసేటప్పుడు దాన్ని వదిలెయ్యండి.

మీ ఆరుగురికి నేను మూడో స్లైడ్ వదులుకుని అయినా సరే రెండో టాయిలెట్ ఉన్న లేఅవుట్ తీసుకోమంటాను. ఈ సైజులో కొన్ని మోడళ్ళలో బంక్ గదికి ఆనుకుని చిన్న హాఫ్ బాత్రూమ్ (షవర్ లేకుండా టాయిలెట్, సింక్ మాత్రమే) ఇస్తున్నారు. అది దొరక్కపోతే కనీసం బాత్రూమ్‌కి బయటినుంచి కూడా తలుపు ఉన్నది చూడండి, మట్టికాళ్ళతో పిల్లలు హాలంతా తొక్కుకుంటూ రారు. షవర్ దగ్గర టబ్ గట్టు ఎంత ఎత్తుందో చూడండి. మోకాళ్ళ నొప్పులవాళ్ళకు టబ్ కంటే నేరుగా అడుగుపెట్టే షవర్ మేలు. తర్వాత పట్టుకునే కడ్డీ బిగించుకుందాంలే అనుకోవద్దు. ట్రైలర్ గోడ పలచటి ప్యానెల్, వెనక కర్ర ఉన్నచోటే స్క్రూ పట్టుతుంది. మిగతాచోట బిగించిన కడ్డీని పెద్దవాళ్ళు గట్టిగా పట్టుకుంటే గోడతో సహా ఊడి వస్తుంది. గుమ్మం మెట్లు కూడా రెండు రకాలు. చట్రం నుంచి వేలాడేవి అడుగేస్తే ఊగుతాయి. నేలమీద కాళ్ళు ఆనించే మడత మెట్లు కదలవు. మా అమ్మ వేలాడే మెట్లు ఒక్కరోజు దిగి, రెండోరోజు నుంచి లోపలే కూర్చుంది. ఆ సాయంత్రమే మెట్లు మార్చాలని నిర్ణయించాం.

వెనక బంక్ గదికి పిల్లలు ఎలాగూ ఫిదా అవుతారు. ఒక్కో బంక్ మీద ఎంత బరువు పెట్టొచ్చో అక్కడే రాసి ఉంటుంది, బావగారి పిల్లలు కూడా ఎక్కే ముందు చదవండి. ఇంకేం లేదు ఆ గదిలో.

కిచెన్ దగ్గర కాసేపు ఆగాలి. మూడు బర్నర్లు ఉంటాయి గానీ దగ్గర దగ్గరగా ఉంటాయి. అయిదు లీటర్ల కుక్కర్ పెడితే పక్కదాని మీద మూకుడు పట్టదు. మీ కుక్కర్, మూకుడు కారులో తీసుకెళ్ళి స్టవ్ మీద పెట్టి చూడండి. డీలర్ నవ్వుతాడు, నవ్వనివ్వండి. పైన మైక్రోవేవ్‌కి, కుక్కర్ విజిల్‌కి మధ్య జాగా కూడా అప్పుడే తెలుస్తుంది.

చిమ్నీ ఫ్యాన్ సంగతి. బిగ్ బెండ్‌లో రియో గ్రాండే విలేజ్ దగ్గర ఆగిన మొదటి రాత్రి అమ్మ పప్పుకి పోపు పెట్టింది. ఆవాలు చిటపటలాడాయి, ఎండుమిర్చి, ఇంగువ పడ్డాయి. ఫ్యాన్ ఫుల్ స్పీడులో తిరుగుతోంది, అయినా పొగంతా మా కళ్ళలోనే. ఆరుగురం దగ్గుతున్నాం, స్మోక్ అలారం చెవులు చిల్లులు పడేలా మోగుతోంది, పక్క సైటు (క్యాంపులో ట్రైలర్ నిలిపే జాగా) పెద్దాయన టార్చిలైటు పట్టుకుని వచ్చాడు. ఆయన ఏమీ అడగలేదు. నేరుగా మా ట్రైలర్ గోడ దగ్గరికి వెళ్ళి, ఫ్యాన్ గాలి బయటికొచ్చే మూతకు ఉన్న రెండు ప్లాస్టిక్ క్లిప్పులు తిప్పాడు. ప్రయాణంలో మూత కొట్టుకోకుండా వాటిని బిగించి ఉంచుతారట. ఒక్క నిమిషంలో పొగ పోయింది. ఆయనకి పప్పు, అన్నం ఇచ్చి పంపింది అమ్మ. కొన్ని ట్రైలర్లలో ఈ ఫ్యాన్ గాలిని బయటికి పంపదు, జాలీలోంచి తిప్పి మళ్ళీ లోపలికే వదులుతుంది. కొనేముందు ఫ్యాన్ వేసి, బయట మూత దగ్గర చెయ్యి పెట్టి చూడండి. మన వంటకి బయటికి పంపేదే కావాలి. నేలకు జానెడు ఎత్తులో ఇంకో అలారం ఉంటుంది, అది గ్యాస్ లీకుకి. ప్రొపేన్ గాలికంటే బరువు కాబట్టి కిందికి దిగుతుంది, అందుకే అక్కడ పెడతారు. అది మోగితే మాత్రం పోపు మీద నెపం వేసి ఊరుకోకండి, అందర్నీ బయటికి పంపి సిలిండర్ కట్టెయ్యండి.

ఔట్‌డోర్ కిచెన్ నిజంగా పనికొస్తుందా అంటే, చేపలు, వడియాలు, గారెల వాసన సోఫా గుడ్డకి పట్టకుండా ఉండాలంటే బయట వండాల్సిందే. కానీ చాలావాటిలో ఆ కిచెన్ అంటే రెండు చిన్న బర్నర్లు, ఒక బుల్లి ఫ్రిజ్. దాని బదులు మడత బల్ల, మంచి రెండు బర్నర్ల క్యాంప్ స్టవ్ కొనుక్కుని ట్రైలర్ పక్కనుండే గ్యాస్ పాయింటుకు తగిలించుకోండి. ఒక్క జాగ్రత్త. ఆ పాయింటులో వచ్చేది అప్పటికే రెగ్యులేటర్ దాటిన తక్కువ ప్రెషర్ గ్యాస్. స్టవ్‌కి సొంత రెగ్యులేటర్ కూడా ఉంటే మంట పిల్లి కన్నులా మిణుకుమంటుంది. తక్కువ ప్రెషర్‌కి సరిపోయే స్టవ్ అడిగి కొనండి.

నీళ్ళకు మూడు రకాల ట్యాంకులు: మంచినీళ్ళు, గిన్నెలు-స్నానాల నీళ్ళు పోయే గ్రే ట్యాంకు, టాయిలెట్‌ది బ్లాక్ ట్యాంకు. ఆరుగురు స్నానాలు చేస్తే 40 గ్యాలన్ల గ్రే ట్యాంకు ఒక్కరోజులో నిండుతుంది. మన ఇళ్ళలో మగ్గు వాడకం ఉంటుంది కాబట్టి బ్లాక్ ట్యాంకు కూడా అమెరికన్ల లెక్క కంటే ముందే నిండుతుంది. కిచెన్‌కి వేరే గ్రే ట్యాంకు ఉందేమో అడగండి. ఉంటే అన్నిటికంటే ముందు నిండేది అదే, సాంబారు గిన్నెల పుణ్యమా అని. అమ్మానాన్నలతో వెళ్ళినప్పుడు సీవర్ కనెక్షన్ ఉన్న సైటే బుక్ చేయండి. కనెక్షన్ ఉంది కదా అని బ్లాక్ వాల్వ్ తెరిచి వదిలెయ్యకూడదు. నీళ్ళు పోయి గట్టిది అడుగున గుట్టలా పేరుకుంటుంది. మూసి ఉంచి, నిండాక ముందు బ్లాక్, తర్వాత గ్రే వదలాలి. సబ్బునీళ్ళతో పైపు కూడా కడిగినట్టవుతుంది.

క్యాంపులో ట్రైలర్‌కి తగిలించే కరెంటు కనెక్షన్ 30 ఆంప్, 50 ఆంప్ అని రెండు రకాలు, 50 ఆంప్ తప్ప వద్దు. 30కి 50కి పెద్ద తేడా ఏముందిలే అనిపిస్తుంది. 30 ఆంప్ అంటే ఒకే 120 వోల్టుల లైను, 3,600 వాట్లు. 50 ఆంప్‌లో అలాంటి లైన్లు రెండు, మొత్తం 12,000 వాట్లు. మూడు రెట్లకు పైనే. టెక్సస్ ఆగస్టులో 35 అడుగుల ట్రైలర్‌కి ఒక ఏసీ చాలదు. 30 ఆంప్ మీద ఒక ఏసీ, మైక్రోవేవ్ నడుస్తుండగా రైస్ కుక్కర్ నొక్కితే ట్రిప్. చీకట్లో అమ్మగారు, సగం ఉడికిన అన్నం, మీకు టెన్షన్.

స్లైడ్ల యంత్రాంగం గురించి ఒక్క మాట. గోడలోనే అటూ ఇటూ రెండు చిన్న మోటార్లు ఉండే రకం తేలిక, కానీ రెండూ జతగా నడవాలి. బటన్ మధ్యలో వదలకుండా పూర్తిగా ఆగేదాకా నొక్కి ఉంచాలి. కిచెన్, ఫ్రిజ్ మోసే పెద్ద స్లైడ్‌కి మాత్రం నేల కింద పళ్ళ చక్రం, పళ్ళ కడ్డీ ఉండే రకమే నాకిష్టం. తెరిచేముందు బయట ఒకరు నిలబడి చెట్టు, కరెంటు స్తంభం చూసుకోవాలి. లోపల ఉన్నవాళ్ళకి ఏమీ కనపడదు.

35 అడుగుల ట్రైలర్‌కి 20 అడుగుల పికప్ తగిలిస్తే 55 అడుగుల బండి మీది. బిగ్ బెండ్‌లో చీసోస్ బేసిన్ రోడ్డుకి 20 అడుగులు దాటిన ట్రైలర్లు వద్దంటారు. గ్లేసియర్ పార్కులో గోయింగ్-టు-ద-సన్ రోడ్డు పైభాగంలోకి 21 అడుగులు దాటిన బండి దేన్నీ రానివ్వరు. ట్రైలర్‌ని క్యాంపులో వదిలి పికప్‌లో వెళ్ళాలి. సైట్ బుక్ చేసేటప్పుడు మోడల్ పేరులోని అంకె నమ్మకండి. పేరులో 31 ఉన్నవి హిచ్‌తో కొలిస్తే 35 అడుగులు ఉండటం మామూలే. పశ్చిమ టెక్సస్‌లో బోర్డు మీద 80 మైళ్ళని ఉన్నా, కొన్ని ట్రైలర్ టైర్లు 65కే తయారు చేసినవి. టైరు మీద రాసి ఉంటుంది. ఇంటి ముందు పెట్టుకుందామనుకుంటే ముందు హెచ్ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) నిబంధనలు చదవండి, చాలా కాలనీలు ఒప్పుకోవు. మన దగ్గర వడగళ్ళకి పైకప్పు ఉన్న స్టోరేజీయే మంచిది.

కొనేముందు ఇలాంటి లేఅవుట్ ఉన్న ట్రైలర్ ఒకటి రెండు రాత్రులకు అద్దెకు తీసుకోండి. దగ్గరి స్టేట్ పార్కుకి వాళ్ళే తెచ్చి నిలబెట్టిపోయే సర్వీసులు ఉన్నాయి, లాగే పని కూడా ఉండదు. అమ్మగారు వచ్చాక తీసుకోండి, మెట్లు ఆవిడ ఎక్కాలి కదా. ఈలోగా మీ పసుపు స్టిక్కర్ మీది అంకె, ఆ ట్రైలర్ స్టిక్కర్ మీది గరిష్ఠ బరువు, ఫ్లోర్ ప్లాన్ ఫోటో ఇక్కడ పెట్టండి. స్లైడ్లు మూస్తే ఏది దేనికి అడ్డమొస్తుందో గీసి చెప్తాను.